ఇంట్లో కట్టిన గైగర్ కౌంటరుతో విమానం ఎక్కాలంటే

ప్రశ్న: మాది ఖమ్మం. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా పిల్లలు రెండు ఎస్‌బీఎం-20 గైగర్ ట్యూబులతో (రేడియేషన్ తగిలినప్పుడల్లా ఒక కరెంటు పల్స్ ఇచ్చే గొట్టాలు) కాస్మిక్ కిరణాల కౌంటరు కట్టారు. ఒక్కో ట్యూబు నిమిషానికి 20 దాకా లెక్కపెడుతుంది. రెండింటిలో ఒకేసారి పల్స్ వస్తే మ్యూయాన్ (కాస్మిక్ కిరణాల వల్ల గాలిలో పుట్టి రెండు ట్యూబులనూ దాటిపోయే కణం) అనుకుంటున్నాం, అవి నిమిషానికి రెండు దాకా వస్తున్నాయి. మొత్తాన్ని 4 అంగుళాల పీవీసీ పైపులో బిగించి నల్ల టేపు చుట్టాం. లోపల ఆర్డ్యూనో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ఎస్‌డీ కార్డు, జీపీఎస్, పీడనం కొలిచే బీఎంపీ280 ఉన్నాయి. కరెంటుకు యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. ముగ్గురు విద్యార్థులతో హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా లేహ్ వెళ్తున్నాం. విమానంలో కూడా లెక్క తీయాలని పిల్లల కోరిక. చూపించడానికి థోరియం ఉన్న పాత గ్యాస్ లైటు మాంటిల్, ఒక క్లౌడ్ చాంబరు (కణాలు పోయిన దారిని ఆల్కహాల్ ఆవిరిలో చారలుగా చూపే పెట్టె), దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా తేవాలనుకుంటున్నాం. వేటిని రానిస్తారు? సెక్యూరిటీ దగ్గర ఆపితే ఏం చెప్పాలి?

జవాబు: లెక్చరర్ గారూ, కౌంటరును తీసుకెళ్లవచ్చు. ఇప్పుడున్న రూపంలో మాత్రం వద్దు. మాంటిల్, ఆల్కహాల్, యూపీఎస్ బ్యాటరీ ఖమ్మం దాటకూడదు. పైపు విప్పేసి పెట్టె మార్చాలి. ప్రయాణానికి కనీసం మూడు వారాలు ఉంటేనే ఈ పనులన్నీ తీరుబడిగా అవుతాయి.

ముందు పైపు సంగతి. స్కానర్ దగ్గర కూర్చున్న సీఐఎస్ఎఫ్ జవాను మీ బ్యాగు బొమ్మను చూసేది కొన్ని సెకన్లే. ఆ బొమ్మలో ఆయనకు కనిపించేవి రెండు చివరలా మూసిన గొట్టం, అందులో రెండు లోహపు కడ్డీలు, వైర్లు, సర్క్యూట్ బోర్డు, పక్కనే సీసపు పలకలున్న బరువైన బ్యాటరీ. ఆపమని ఆయనకు శిక్షణలో నేర్పిన బొమ్మ అచ్చంగా ఇదే. ఆయన ఆపితే తప్పు ఆయనది కాదు. నల్ల టేపు ఇంకా చెడ్డది, అది చుట్టి ఉంటే విప్పి చూపించే దారే ఉండదు. 2007లో బోస్టన్‌లోని లోగాన్ విమానాశ్రయంలో ఒక ఎంఐటీ విద్యార్థిని చొక్కా మీద బ్రెడ్‌బోర్డు, వెలిగే ఎల్ఈడీలు, ఒక బ్యాటరీ పెట్టుకుని కనిపిస్తే పోలీసులు తుపాకులు ఎక్కుపెట్టి అరెస్టు చేశారు. ఆ సర్క్యూట్‌లో ప్రమాదకరమైనది ఏదీ లేదు. చూసేవాళ్లకు అదేమిటో అర్థం కాలేదు, అంతే.

కాబట్టి మీరు కట్టాల్సిన పెట్టెకు ఒకటే షరతు. ఫిజిక్స్ తెలియని మనిషి అర నిమిషం చూస్తే లోపల ఏముందో మొత్తం కనపడాలి.

4 మి.మీ. మందం ఉన్న పారదర్శక యాక్రిలిక్ షీటు తీసుకోండి. ఎస్‌బీఎం-20 పొడవు 108 మి.మీ., అందువల్ల 22 × 12 × 8 సెం.మీ. పెట్టె సరిపోతుంది. మూతను జిగురుతో అంటించకండి, నాలుగు మూలలా చేత్తో తిప్పే రెక్కల నట్లు పెట్టండి. స్క్రూడ్రైవర్ చెక్-ఇన్ లగేజీలో పోతుంది కాబట్టి, సెక్యూరిటీ దగ్గర "ఓపెన్ కరో" అన్నప్పుడు చేతులతోనే తెరవగలగాలి. ట్యూబులు లోహపువి కాబట్టి వెలుతురు పడినా ఇబ్బంది లేదు. వాటి చివర్లకు నేరుగా సోల్డరింగ్ చేయకండి, వేడికి సీలు దెబ్బతిని లోపలి వాయువు పోతుంది. ఫ్యూజులు బిగించే స్ప్రింగు క్లిప్పుల్లో కూర్చోబెట్టండి. సర్క్యూట్ బ్రెడ్‌బోర్డు మీద ఉంటే దాన్ని చిల్లుల బోర్డు మీదకి మార్చి సోల్డరింగ్ చేయండి. ప్రయాణంలో ఇంట్లో కట్టిన పరికరాలు చెడిపోయేది ఎక్కువగా జంపర్ వైర్లు ఊడటం వల్లే. ప్లగ్గులు తప్పనిసరైన చోట లాక్ ఉన్నవి వాడి, పైన గ్లూ గన్‌తో ఒక చుక్క వేయండి. ఆ చుక్క రంగు లేకుండా, పారదర్శకంగా ఉండాలి. రంగు ముద్దలాంటి పదార్థం ఏదీ పెట్టెలో కనపడకూడదు.

పెట్టె పక్క గోడకు 2 మి.మీ. చిల్లు ఒకటి వేయండి. ఎగిరేటప్పుడు క్యాబిన్‌లో పీడనం సుమారు 750 హెక్టోపాస్కల్స్‌కు తగ్గుతుంది. నేల మీద గాలి బిగించి మూసిన పెట్టె లోపల వెయ్యికి దగ్గరగా ఉంటుంది. తేడా చదరపు సెంటీమీటరుకు పావు కిలో. 22 × 12 సెం.మీ. మూత మీద 66 కిలోల తోపుడు పడుతుంది, యాక్రిలిక్ కీలు దగ్గర చిట్లుతుంది. లేహ్ విమానాశ్రయమే 3,256 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ దిగాక కూడా తేడా అలాగే ఉంటుంది. లగేజీ అర కూడా క్యాబిన్ లాగే పీడనం ఉన్నదే కాబట్టి చెక్-ఇన్ చేసినా లెక్క మారదు.

ఒక చిన్న విషయం, కానీ పిల్లలు దీన్ని తప్పకుండా చేస్తారు. ఆన్‌లైన్‌లో దొరికే పసుపు రంగు మూడు రెక్కల రేడియేషన్ స్టిక్కరు పెట్టె మీద అంటించి ఉంటే వెంటనే తీసేయించండి. ఆ గుర్తుకు అర్థం "ఇది రేడియేషన్ కొలుస్తుంది" అని కాదు, "ఇందులో రేడియోధార్మిక పదార్థం ఉంది" అని. దాన్ని చూశాక ఏ అధికారీ మీ మాట మీద నమ్మి వదలడు. పుర్రె బొమ్మ, ఎర్ర మెరుపు బొమ్మ కూడా వద్దు. తెల్ల కాగితం మీద హిందీలోనూ ఇంగ్లీషులోనూ పరికరం పేరు, కాలేజీ పేరు, మీ ఫోన్ నంబరు రాసి లోపలి వైపు నుంచి అంటించండి. గైగర్ కౌంటరు టిక్కుటిక్కు శబ్దం వచ్చే బజర్‌కు వైరు తీసేయండి. డిస్‌ప్లేలో తగ్గుతూ వచ్చే అంకెలు ఏవీ ఉండకూడదు. "తర్వాతి రికార్డుకు ఇంకా 45 సెకన్లు" లాంటి లైను కోడ్‌లో ఉంటే చెరిపేయండి.

ఇక బ్యాటరీ. మీ యూపీఎస్ బ్యాటరీ 12 వోల్టులు, 7 ఏహెచ్, అంటే 84 వాట్-అవర్లు. కారని రకం సీల్డ్ బ్యాటరీ 12 వోల్టులు, 100 వాట్-అవర్ల లోపు అయితే అంతర్జాతీయ నిబంధనల్లో చోటు ఉంది. కాగితం మీద మీరు సరైనవాళ్లే అవుతారు. కానీ రెండు కిలోల పైచిలుకు ఉన్న సీసపు ముద్దను స్కానర్ చొచ్చి చూడలేదు, ఆ వెనక ఉన్నదంతా నల్లగా కనిపిస్తుంది. దేశీయ విమానాల్లో సాధారణంగా ఇచ్చే 7 కిలోల చేతి సామానులో మూడో వంతు అదే తినేస్తుంది. ఇంతా చేసి మీ సర్క్యూట్‌కు అంత శక్తి అవసరం లేదు. నానో, హై వోల్టేజ్ భాగం, కార్డు, చిన్న డిస్‌ప్లే, జీపీఎస్ అన్నీ కలిపి 5 వోల్టుల దగ్గర 120 మిల్లీ ఆంపియర్ల దగ్గర తాగుతాయి, అంటే 0.6 వాట్. రీఛార్జి చేసే డబుల్-ఏ సెల్స్ (పెన్సిల్ సెల్స్) నాలుగు, ఒక్కోటి 2000 ఎంఏహెచ్ అయితే 9.6 వాట్-అవర్లు వస్తాయి. వోల్టేజీ పెంచే బూస్ట్ కన్వర్టరులో పోయేది పోగా 13 గంటలు నడుస్తుంది. హైదరాబాద్ నుంచి లేహ్ దాకా మధ్యలో ఆగే సమయంతో సహా ఇది చాలు.

లిథియం 18650 సెల్ ఒకటి పెట్టినా ఇంతే వస్తుంది. 3.7 వోల్టులు, 2.6 ఏహెచ్, సుమారు 9.6 వాట్-అవర్లు. 100 వాట్-అవర్ల వరకు అనుమతి అడగనక్కర్లేదు, 100 నుంచి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి, ఆ పైన సామానులో అసలు కుదరదు. విడి లిథియం సెల్స్ చెక్-ఇన్‌లో పెట్టకూడదు, చేతి సామానులోనే, కొసలు ఒకదానికొకటి తగలకుండా ప్లాస్టిక్ డబ్బాలో ఉండాలి. పాత ల్యాప్‌టాప్ నుంచి విప్పిన సెల్స్ మాత్రం వద్దు. వాటి మీద ముద్రించిన సామర్థ్యం ఉండదు, రక్షణ సర్క్యూట్ ఉండదు, అడిగినవాళ్లకు చూపించడానికి ఏమీ ఉండదు. మా సలహా పెన్సిల్ సెల్స్ వైపే. రిమోట్‌లో వేసే సెల్ ఏమిటో ప్రతి జవానుకూ తెలుసు. లేహ్, శ్రీనగర్ లాంటి సరిహద్దు విమానాశ్రయాల్లో తనిఖీ గట్టిగా ఉంటుంది, చేతి సామానులో నుంచి సెల్స్ తీసేయమనడమూ ఉంటుంది. పెన్సిల్ సెల్స్ అయితే ఇచ్చేసి బయట కొట్లో కొత్తవి కొనుక్కోవచ్చు.

పవర్ బ్యాంకుతో నడుపుదామని పిల్లలు అంటే రెండు కారణాలు చెప్పండి. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం కాలిపోయాక చాలా సంస్థలు పవర్ బ్యాంకులను పైఅరల్లో పెట్టడం, విమానంలో వాడటం ఆపేశాయి. రెండోది ఇంట్లోనే తెలిసిపోయేది. చాలా పవర్ బ్యాంకులు లోడు తక్కువగా ఉంటే ఫోను నిండిందనుకుని కొద్ది సేపటికి వాటంతటవే ఆగిపోతాయి. జీపీఎస్, డిస్‌ప్లే తీసేసిన మీ కౌంటరు ఆ హద్దు కింద ఉండవచ్చు. అప్పుడు కార్డులో అర నిమిషం డేటా తప్ప ఇంకేమీ మిగలదు.

జీపీఎస్ అసలు తీసేయడమే మంచిది. యాంటెన్నా ఉన్న ఇంటి తయారీ వస్తువు అంటే అడిగే ప్రశ్నలు రెట్టింపు అవుతాయి. పైగా విమానం లోహపు గొట్టం, కిటికీ అంచున పెడితే తప్ప సిగ్నల్ అందదు. దానికి బదులు డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టి సమయం మాత్రం రాయించండి. నానోలో సొంత గడియారానికి ఉండేది సెరామిక్ రెసొనేటరు, అర శాతం తప్పు పోవచ్చు, అంటే రెండు గంటల ప్రయాణంలో 36 సెకన్లు. డీఎస్3231లో ఆ బాధ లేదు. అందులోని సీఆర్2032 బిళ్ల బ్యాటరీలో లిథియం గ్రాములో సుమారు పదో వంతే, అనుమతించే హద్దు 2 గ్రాములు. ఎత్తు సంగతంటారా, ఫ్లైట్‌రాడార్24 లాంటి చోట విమానం నిమిష నిమిషానికి ఎంత ఎత్తున ఉందో దిగాక దించుకోవచ్చు. అక్కడి సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రమాణ సమయం) ఉంటుంది, మన సమయం రావాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. పాత ప్రయాణాల వివరాలు ఉచితంగా కొద్ది రోజులే ఉంచుతారు కాబట్టి లేహ్ చేరిన రోజే తీసి పెట్టుకోండి.

బీఎంపీ280 ఎత్తు చెబుతుందని పిల్లలు నమ్మి ఉంటారు. అది చెప్పేది క్యాబిన్ పీడనాన్ని. విమానం 35,000 అడుగుల మీద ఉన్నా అది ఏడెనిమిది వేల అడుగులనే చూపిస్తుంది. దాన్ని ఎత్తుగా తీసుకుని గ్రాఫ్ గీస్తే మొత్తం ప్రాజెక్టే తప్పవుతుంది. సెన్సర్ ఉంచుకోండి, విమానం ఎప్పుడు ఎక్కడం మొదలుపెట్టిందో, ఎప్పుడు దిగడం మొదలుపెట్టిందో దాని గీతలో స్పష్టంగా తెలుస్తుంది. గడియారం సరిచూసుకోవడానికి అది చాలా పనికొస్తుంది.

నానోకు బదులు ఈఎస్‌పీ32 బోర్డు వాడే పాఠకులు దానిలోని వైఫై, బ్లూటూత్ రెండింటినీ కోడ్‌లోనే ఆపాలి. లోరా, 433 మెగాహెర్ట్జ్ లాంటి రేడియో మాడ్యూళ్లు ఉంటే ఊడదీసి చెక్-ఇన్‌లో పెట్టండి. ఇరిడియం ఉపగ్రహ మోడెమ్ ఉన్న పరికరమైతే భారత్‌లో అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. గార్మిన్ ఇన్‌రీచ్‌తో (ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చేతి పరికరం) దొరికిన విదేశీ పర్యాటకులు మన విమానాశ్రయాల్లో కేసుల పాలయ్యారు. విదేశాల నుంచి వచ్చే తెలుగువాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ట్యూబులకు ఇచ్చే హై వోల్టేజ్ గురించి అడుగుతారు. "400 వోల్టులు" అనగానే ఎదుటివాళ్లు ఉలిక్కిపడతారు కానీ మీ కెపాసిటర్ 10 నానోఫారడ్ అయితే దానిలో నిలవ ఉండే శక్తి 0.8 మిల్లీజౌల్ మాత్రమే. అయినా సరే, స్విచ్ ఆపితే సున్నాకు రావాలి. కెపాసిటర్‌కు అడ్డంగా 100 మెగా ఓమ్ రెసిస్టర్ పెట్టండి, ఐదు సెకన్లలో ఒక శాతం లోపుకు పడిపోతుంది. మామూలు మల్టీమీటరుతో ఆ వోల్టేజీ కొలిచి "300 వోల్టులే వస్తోంది" అని పెంచకండి. మీటరే 10 మెగా ఓమ్ లోడు వేసి తగ్గించి చూపిస్తుంది. ఈ పొరపాటుతో ట్యూబును 475 వోల్టుల పైకి నెట్టి పాడుచేసుకున్నవాళ్లు చాలామంది.

మాంటిల్ విషయంలో సందేహమే వద్దు. థోరియం రేడియోధార్మిక పదార్థం, ప్రయాణికుల సామానులో చేతిలోనూ చెక్-ఇన్‌లోనూ నిషేధం. "మా పెట్టెలో రేడియోధార్మికమైనది ఏదీ లేదు" అని మీరు రాసి ఇచ్చే కాగితం నిజం కావాలంటే అది ఇంట్లోనే ఉండాలి. పొగ గుర్తించే పాత పరికరాల్లోని అమెరీషియం బిళ్లకూ ఇదే మాట. మాంటిల్‌తో చేసే పరీక్ష ఖమ్మంలోనే చేసి, ఆ గ్రాఫ్ ముద్రించి వెంట తీసుకెళ్లండి. దాని బదులు పొటాష్ ఎరువు పొట్లం తీసుకెళ్దామా అని అనిపించవచ్చు, పొటాషియం-40 వల్ల లెక్క కొంచెం పెరుగుతుంది కూడా. విమానాశ్రయానికి ఎరువు పొడి తీసుకెళ్లడం ఎంత మాత్రం తగదు. అసలు పొలం పనికి వాడిన సంచీలే వాడకండి. సెక్యూరిటీ వాళ్లు పేలుడు పదార్థాల ఆనవాళ్ల కోసం గుడ్డ ముక్కతో రుద్ది యంత్రంలో పెడతారు, ఎరువుల్లోని నైట్రేట్లకు అది మోగుతుంది. రైతు కుటుంబాల పిల్లలు ఈ చిన్న సంగతితో గంటలు నిలబడాల్సి వస్తుంది. కొత్త బ్యాగు తీసుకోండి.

క్లౌడ్ చాంబరును ఈసారికి మానేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మండే ద్రవం, ప్రయోగాల కోసం తీసుకెళ్లే సీసాకు సామానులో ఎక్కడా చోటు లేదు. శానిటైజర్, మందులు లాంటివాటికి ఇచ్చే వెసులుబాటు దీనికి వర్తించదు. డ్రై ఐసు మనిషికి 2.5 కిలోల వరకు, ఆవిరి బయటికి పోయే పెట్టెలో, విమాన సంస్థ అనుమతితో తీసుకెళ్లవచ్చు. కానీ ఢిల్లీలో ఆగి లేహ్ చేరి మర్నాడు చాంబరు పెట్టేసరికి అందులో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో నీళ్లు, ఇతర పదార్థాలు కలిసి ఉండవచ్చు, చాంబరు సరిగా పనిచేయకపోవచ్చు. ఖాళీ చాంబరు మోసుకుపోవడం తప్ప ప్రయోజనం లేదు.

ఇప్పుడు కాగితాలు, మాటలు. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒకే ఒక పేజీ. పరికరం ఏమిటి, ఏం కొలుస్తుంది, కొలతలు, బరువు, ఏ సెల్స్ ఎన్ని, లోపల రేడియోధార్మిక పదార్థం లేదు, ద్రవం లేదు, సిగ్నల్ పంపే రేడియో లేదు, నలుగురి పేర్లు, విమానాల నంబర్లు, ప్రిన్సిపాల్ సంతకం, ఆ రోజు తప్పకుండా ఎత్తే ఫోన్ నంబరు. దాని వెనక పెట్టె లోపలి ఫోటో, ఒక్కో భాగానికీ గీత గీసి పేరు రాసి. హిందీ, ఇంగ్లీషు రెండూ. ఐదు కాపీలు. ఇదే పేజీని పది రోజుల ముందు విమాన సంస్థకు మెయిల్ చేసి, వచ్చిన జవాబు ముద్రించి పెట్టుకోండి. ఆ జవాబు సీఐఎస్ఎఫ్‌ను కట్టిపడేయదు, గేటు దగ్గర ఆఖరి మాట వాళ్లదే. అయినా మీరు దాచిపెట్టి తేలేదని దానితో తెలుస్తుంది.

పరికరం చేతి సామానులోనే ఉండాలి. చెక్-ఇన్‌లో పెడితే కింద స్కానర్‌లో అనుమానం వచ్చినప్పుడు మీ పేరు పిలుస్తారు, అది వినపడకపోతే బ్యాగు ఆగిపోతుంది, వివరించడానికి మీరక్కడ ఉండరు. స్క్రూడ్రైవర్లు, కట్టర్, సోల్డరింగ్ ఐరన్ మాత్రం చెక్-ఇన్‌లోకే. మూడు గంటల ముందు చేరండి. లైన్లో ఉండగానే పెట్టెను బ్యాగులోంచి తీసి, ల్యాప్‌టాప్‌లా విడి ట్రేలో పెట్టి, పక్కనే కాగితం పెట్టండి. వాళ్లు కనిపెట్టకముందే మీరే చెప్పడం ఇందులో అన్నిటికన్నా ముఖ్యం. స్విచ్ ఆఫ్‌లో ఉండాలి. ఆన్‌లో ఉంటే స్కానర్ ఎక్స్-కిరణాలకు లెక్క ఒక్కసారిగా పెరిగి డేటా చెడుతుంది. ఆఫ్‌లో ఉన్న ట్యూబుకు, ఎస్‌డీ కార్డుకు ఎక్స్-కిరణాల వల్ల హాని లేదు.

మాట్లాడేది ఒక్కరే, అదీ మీరే. జవాన్లలో చాలామందికి హిందీ సులువు. ముందే పలికి చూసుకోండి: "సర్, యే కాలేజ్ కా ఫిజిక్స్ ప్రాజెక్ట్ హై. ఆస్మాన్ సే ఆనే వాలీ కిరణోఁ కో గిన్తా హై. ఇస్ మే సిర్ఫ్ సెల్ ఔర్ సర్క్యూట్ హై." రేడియేషన్ ఉందా అని అడిగితే, "నహీ సర్, సిర్ఫ్ నాప్తా హై, థర్మామీటర్ కీ తరహ్." థర్మామీటరు వేడిని కొలుస్తుందే గానీ పుట్టించదు, ఈ పోలిక ఎవరికైనా అందుతుంది. మ్యూయాన్లు, కోయిన్సిడెన్స్ (రెండు ట్యూబులూ ఒకేసారి మోగడం) గురించి పాఠం చెప్పకండి. ఆన్ చేయమంటే ఐదు సెకన్లలో డిస్‌ప్లే వెలిగి అంకె పెరగడం కనపడాలి. ఎవరూ, సరదాకి కూడా, పేలుడు అనే అర్థం వచ్చే మాట ఏ భాషలోనూ అనకూడదని ముగ్గురు పిల్లలకూ ముందురోజే గట్టిగా చెప్పండి. జవాను తేల్చలేకపోతే విసుక్కోకుండా, షిఫ్టు ఇన్‌చార్జిని పిలవమని మర్యాదగా అడగండి.

అయినా వద్దంటే? అప్పుడు వాదించకండి. సమయం ఉంటే సెల్స్ తీసేసి, విమాన సంస్థ కౌంటరు దగ్గర చెక్-ఇన్ చేయవచ్చు. లేదంటే బయట ఉన్న మనిషికి ఇచ్చేయాలి. అందుకని హైదరాబాద్‌లో మిమ్మల్ని దింపడానికి వచ్చినవారు మీరు సెక్యూరిటీ దాటాక ఫోన్ చేసే వరకు వెళ్లిపోకూడదు. ఢిల్లీలో టెర్మినల్ మారితే మళ్లీ తనిఖీ ఉంటుంది, రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటలు ఉండేలా టికెట్ చూసుకోండి.

విమానంలో నడపడం వేరే అనుమతి. ఫ్లైట్ మోడ్‌లో ఉన్న చేతి పరికరాలను ప్రయాణమంతా వాడుకోవచ్చని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2014లో అనుమతించింది. కానీ ఇంట్లో కట్టిన పెట్టె విషయంలో నిర్ణయం కెప్టెన్‌ది. ఎక్కగానే సిబ్బందికి కాగితం చూపించి అడగండి. కాదంటే కాదు. చెప్పకుండా సీటు కింద నడపడం వద్దు, మధ్యలో చూసిన పక్క ప్రయాణికుడు భయపడితే విమానం దారి మళ్లే దాకా పోతుంది. సరే అన్నా విమానం పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు పెట్టె ముందు సీటు కింద బ్యాగులోనే ఉండాలి. అందులో ఉన్నా కాస్మిక్ కిరణాలకు అడ్డేమీ లేదు, లెక్క నడుస్తూనే ఉంటుంది. రెండు ట్యూబులు ఒకదాని మీద ఒకటి ఉండేలా బ్యాగు పడుకోబెట్టండి, పక్కకు ఒరిగితే మ్యూయాన్ లెక్క పడిపోతుంది.

ఇక్కడ పిల్లలకు చెప్పాల్సిన ఫిజిక్స్ బోలెడు ఉంది. ప్రయాణ ఎత్తులో ఒక్కో ట్యూబు లెక్క నేల మీద కంటే అనేక రెట్లు పెరుగుతుంది. పది రెట్లు, అంటే నిమిషానికి 200 అనుకుందాం. పది నిమిషాలకు 2000, దాని వర్గమూలం 45, తప్పు రెండు శాతం చిల్లర. మ్యూయాన్ లెక్క నేల మీద పది నిమిషాలకు 20, తప్పు 4.5, అంటే 22 శాతం. కాబట్టి రెండింటికీ ఒకే పది నిమిషాల ముక్కలు వాడితే రెండో గ్రాఫ్ పళ్లు ఊడిన దువ్వెనలా కనిపిస్తుంది. దానికి అరగంట ముక్కలు చేయండి. ఢిల్లీ–లేహ్ విమానం పైఎత్తున ఉండే సమయం తక్కువ, అసలైన డేటా హైదరాబాద్–ఢిల్లీ మధ్య దొరుకుతుంది.

కాకతాళీయంగా రెండు ట్యూబులూ ఒకేసారి మోగే దొంగ లెక్క ఒకటి ఉంటుంది. అది రెండు ట్యూబుల వేగాలను, పల్స్ వెడల్పును, రెండును గుణిస్తే వస్తుంది. పల్స్ 100 మైక్రోసెకన్లు అయితే నేల మీద పన్నెండు గంటలకు ఒకటి, పట్టించుకోనక్కర్లేదు. ట్యూబు లెక్క పది రెట్లయితే ఇది వంద రెట్లవుతుంది, గంటకు ఎనిమిది. దీన్ని తీసివేయకుండా మ్యూయాన్లు పెరిగాయని రాస్తే తప్పు. ఇంకో లోపం కోడ్‌లో ఉంటుంది. జీపీఎస్‌ను నానోకు సాఫ్ట్‌వేర్ సీరియల్‌తో కలిపి ఉంటే, ఒక్కో అక్షరం చదివేటప్పుడు అది సుమారు ఒక మిల్లీసెకను ఇంటరప్ట్‌లను ఆపేస్తుంది. ఆ సమయంలో వచ్చిన పల్సుల కాలం తప్పుగా నమోదవుతుంది. రెండు పల్సులు కలిశాయా లేదా అన్నది కోడ్‌తో తేల్చకుండా 74హెచ్‌సీ08 గేటుకు (రెండు పల్సులూ ఒకేసారి వస్తేనే అవుట్‌పుట్ ఇచ్చే చిప్) వదిలేయండి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైనది ఇంకొకటి. దక్షిణ భారతం భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కాబట్టి సుమారు 17 గిగావోల్టుల కన్నా తక్కువ రిజిడిటీ (అయస్కాంత క్షేత్రంలో వంగకుండా దూసుకుపోయే సామర్థ్యం) ఉన్న కాస్మిక్ కణాలను భూమి అయస్కాంత క్షేత్రం వెనక్కి తిప్పేస్తుంది. ఉత్తరానికి పోయేకొద్దీ ఆ హద్దు తగ్గుతుంది. యూరప్ విమానాల్లో తీసిన గ్రాఫ్‌లు ఇంటర్నెట్‌లో చూసి మీ లెక్క తక్కువ వచ్చిందని కంగారు పడకండి, తక్కువే రావాలి. హైదరాబాద్–ఢిల్లీ మధ్య ఒకే ఎత్తులో వెళ్తున్నప్పుడు లెక్క మెల్లగా పెరుగుతోందా అన్నది చూడండి. 1927లో డచ్ శాస్త్రవేత్త జేకబ్ క్లే జావా నుంచి హాలెండ్‌కు ఓడలో పోతూ గమనించింది ఈ తేడానే.

లేహ్ దిగాక మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుంటూనే గదిలో కౌంటరు నడపండి. ఒక్క ట్యూబు లెక్క చూసి అంతా ఆకాశం నుంచే వచ్చిందనుకోవద్దు. అక్కడి నేల కింద ఉన్నది లద్దాఖ్ బాతోలిత్ అనే భారీ గ్రానైటు రాతి ముద్ద, అందులోని యురేనియం, థోరియం, పొటాషియం గామా కిరణాలు ఆ లెక్కలో కలిసి ఉంటాయి. రాళ్ల వంతును తోసేసేది మీ రెండు ట్యూబుల కలయిక లెక్కే. గది లోపల, బయట, అదే ఎత్తులో గ్రానైటుకు దూరంగా, ఒక్కోచోట నాలుగు గంటలు తీస్తే తేడా విడివడుతుంది. లేహ్ సైనిక విమానాశ్రయం, అక్కడ పరికరంతో ఫోటోలు దిగడం వద్దు.

తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి కార్డులోని డేటా నాలుగు ఫోన్లలోకీ ఎక్కించండి. లేహ్‌లో తనిఖీ గట్టిగా ఉంటుంది. పెట్టె అక్కడే వదిలేయాల్సి వచ్చినా పిల్లల కొలతలు ఇంటికి చేరతాయి.